కొండ మెట్ల మీద 23 కప్పులు, ఒక సున్నం డ్రమ్ము: మా వీధి ఎండాకాలం డైరీ

ఏప్రిల్ 3

మాది విజయవాడలో కొండ ఇల్లు. కింద సిమెంటు రోడ్డు నుంచి మా గుమ్మం దాకా 112 మెట్లు, మా పైన ఇంకో అరవై దాకా ఉంటాయి. పై వరసల్లో దాదాపు అన్నీ రేకుల ఇళ్లే. ఈ ఊరిని తెల్లదొరలు బ్లేజ్‌వాడ అనేవాళ్లని ప్రతి వేసవికీ ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉంటారు, అదేదో బిరుదైనట్టు. పగలంతా కొండరాయి ఎండ తాగుతుంది, పొద్దుగూకాక ఆ వేడంతా మా మీదకి వదులుతుంది. నేను ఒక బిల్డర్ ఆఫీసులో ఫ్లాట్ల ప్లాన్లు గీస్తాను. ఏసీలు పెట్టుకుంటారులే అని పడమటి వైపు నిలువెత్తు అద్దాలతో చాలా ఎలివేషన్లే గీశాను. మా ఇంట్లో మాత్రం ఒక సీలింగ్ ఫ్యాను, ఒక టేబుల్ ఫ్యాను.

పోయినేడు మే నెలలో జరిగింది చెప్పకపోతే ఈ డైరీ ఎందుకో మీకు అర్థం కాదు. మా పక్కింటి బాబాయి వన్‌టౌన్‌లో ముఠా కూలీ, బస్తాలు మోస్తాడు. ఆయనకి వడదెబ్బ తగిలింది, కానీ పడిపోయింది ఎండలో కాదు. రాత్రి తొమ్మిదిన్నరకి ఇంట్లో అన్నం తింటూ పక్కకి ఒరిగిపోయాడు. ఒళ్లు కాలిపోతోంది, మాట ముద్దగా వస్తోంది, ఎవర్నీ గుర్తుపట్టడం లేదు. తడి దుప్పటి కప్పి, నవారు మంచం మీద నలుగురు మెట్లు దింపారు, నేను ముందు టార్చి పట్టుకుని నడిచాను. బతికాడు. కానీ ఆ రాత్రి నుంచి నాకు ఒకటే అనుమానం, పగటి ఎండ గురించి ఇంత మాట్లాడతాం కదా, అసలు మనుషుల్ని పడేస్తున్నది ఇంట్లో రాత్రి వేడేనేమో అని. 2015 మే నెల గుర్తుందా, రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి పదిహేను వందల మందికి పైగా పోయారు. వాళ్లలో ఎంతమంది ఎండన పడ్డారో, ఎంతమంది ఇంటికొచ్చి పడ్డారో.

సరే, ప్రాజెక్టు ఏంటంటే, మా మెట్ల వరసలో 23 ఇళ్ల కప్పులకి తెల్ల సున్నం వేయడం, మధ్య మలుపు దగ్గర పందిరి, కింద చలివేంద్రం. ఇదేం నా సొంత ఐడియా కాదు. 2010 మేలో అహ్మదాబాదులో 46.8 డిగ్రీలు కొట్టి, ఆ ఒక్క నెలలోనే మామూలు కంటే 1,344 మంది ఎక్కువ చనిపోయారు, ఆ దెబ్బకి 2013లో వాళ్లు ఎండలకంటూ ప్రత్యేకంగా ఒక ప్లాను రాసుకున్నారు, తర్వాత బస్తీల్లో కప్పులకి సున్నం వేయించారు. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది. మనం పాలసీ దాకా వెళ్లక్కర్లేదు, ఒక డ్రమ్ము, నాలుగు కుంచెలు చాలు అనుకున్నాను. ఇంటికి 300 చొప్పున చందా, తగ్గింది నేను వేసుకుంటాను. ఆన్‌లైన్‌లో నాలుగు చిన్న డిజిటల్ థర్మామీటర్లు తెప్పించాను.

ఏప్రిల్ 9

థర్మామీటర్లు పెట్టి ఆరు రోజులైంది, ఆరు రోజులూ దండగ. ఒకటి ఫ్రిజ్ వెనక గోడకి మేకు ఉంది కదా అని అక్కడ తగిలించారు, ఒకటి టీవీ పక్కన, ఒకటి దేవుడి గూట్లో దీపం పక్కన. దీపం పక్కన పెట్టినది రోజూ పొద్దున ఏడింటికి ఠంచనుగా ఎక్కుతుంటే, ఇదేం వింత కొండరా బాబూ అని నేను గ్రాఫు కూడా గీశాను! తప్పు నాదే, ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. ఇప్పుడు అందరికీ ఒకటే రూలు: గది మధ్యలో, మంచం మీద పడుకున్న మనిషి తల ఎత్తున, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా.

దీనికి సంబంధించి ఇంకో సంగతి. రోజూ టీవీలో చెప్పే విజయవాడ ఉష్ణోగ్రత గన్నవరం దగ్గర కొలిచేది. వాతావరణ శాఖ వాళ్లు ఆరుబయట, భూమికి నాలుగడుగుల ఎత్తున, గాలాడే సందులున్న తెల్ల చెక్కపెట్టెలో థర్మామీటరు పెడతారు. అది సరైన పద్ధతే, ఊరికీ ఊరికీ పోల్చాలంటే అలాగే కొలవాలి. కానీ మేమెవరమూ ఆ పెట్టెలో ఉండటం లేదు. ఆ పెట్టెకి తెల్ల రంగు ఎందుకు వేశారో ఆలోచిస్తే మాత్రం నా పని సగం తేలికైంది, చందా అడిగేటప్పుడు అదే చెబుతున్నాను, "థర్మామీటరుకే తెల్ల ఇల్లు కట్టారండీ, మనకొద్దా?"

ఏప్రిల్ 17

ఇప్పుడు రీడింగులు నమ్మొచ్చు. నిన్నటివి రాస్తున్నాను. మా ఇంట్లో, అంటే స్లాబు ఇంట్లో, మధ్యాహ్నం రెండింటికి 36.8. ఇరవై మెట్లు పైన, మేం మామ్మ అని పిలిచే పెద్దావిడ ఉండే రేకుల ఇంట్లో అదే టైముకి 42.6. రాత్రి పదింటికి మాత్రం తిరగబడింది, మా స్లాబు కింద 36.2, మామ్మ రేకుల కింద 33.1.

తర్వాత ఆలోచిస్తే వింతేం లేదు. రేకు పల్చన, ఎండ తగలగానే కాలుతుంది, ఎండ పోగానే చల్లబడుతుంది. స్లాబు అయిదంగుళాల కాంక్రీటు, పగలు తాగిన వేడి లోపలికి దిగేసరికి సాయంత్రం అవుతుంది, అప్పటినుంచి అర్ధరాత్రి దాకా మన నెత్తి మీద కుంపటే. మా నాన్న రేకులు తీయించి స్లాబు వేయించిన ఏడు మేం ఎంత గొప్పగా ఫీలయ్యామో! నేను ఆఫీసులో రోజూ గీసేది కాంక్రీటే, కానీ ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పక్కింటి బాబాయిదీ స్లాబు ఇల్లే.

ఏప్రిల్ 20

సున్నం వచ్చింది. రాళ్ల సున్నం, బస్తా 25 కిలోలు, మొత్తం పది బస్తాలు. కింద ఆటోలో దించారు, పైకి మోయడానికి వీధి కుర్రాళ్లు బిర్యానీ అడిగారు, ఒప్పుకున్నాను.

మొదటి తప్పు వెంటనే చేశాను. కొంచెం శాంపిల్ చూద్దామని ప్లాస్టిక్ బకెట్లో రాళ్లు వేసి నీళ్లు పోశాను. రాళ్ల సున్నానికి నీళ్లు తగిలితే ఉడుకుతుందని చిన్నప్పుడు చదివిందే, కానీ ఎంత ఉడుకుతుందో చూడలేదు. బుసబుసా పొంగి, బకెట్ అడుగు మెత్తబడి కుండ పొట్టలా ఉబ్బింది, నేను వెనక్కి గెంతాను. పెయింటింగ్ పని చేసే మా చినమావయ్య చూసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆయన చెప్పిన పద్ధతి ఇది. ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు, తర్వాత రాళ్లు కొద్దికొద్దిగా. మొహం డ్రమ్ము మీదకి వంచకూడదు, కళ్లకి అద్దాలు ఉండాల్సిందే, పిల్లలు ఆ దరిదాపుల్లో కనపడకూడదు. రాత్రంతా ఊరనిచ్చి, పొద్దున పాత చీర గుడ్డలో వడగట్టి, మజ్జిగ చిక్కదనం వచ్చేదాకా నీళ్లు కలిపి, అందులో గుప్పెడు ఉప్పు, ఫెవికాల్. వాళ్ల నాన్న తుమ్మబంక కలిపేవాడట. పల్చగా రెండు పూతలు, మొదటిది ఆరాకే రెండోది. చిక్కగా ఒకే పూత వేస్తే పొట్టు లేస్తుంది.

ఏప్రిల్ 27

ఈ రోజు కుర్రాళ్లు దొరికారు. ఏడు డాబాలు అయిపోయాయి. తెల్లారి అయిదున్నరకి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి ఆపేశాం, ఎందుకంటే తొమ్మిది దాటితే సున్నం కుంచె మీదే ఆరిపోతోంది, పైగా తెల్ల డాబా మీద నిలబడితే కళ్లు తెరవలేం. ఈ మెరుపు గురించి ముందు ఆలోచించలేదు. పై వరసలో ఒక వదిన "మీ డాబా వెలుతురంతా మా ఇంట్లోకి కొడుతోందండీ" అని నిష్ఠూరమాడింది, నిజమే, వెళ్లి చూశాను. కొండ మీద కింది వాళ్ల కప్పు పై వాళ్ల కిటికీకి ఎదురుగా ఉంటుంది, చదును నేల మీద ఈ సమస్య రాదు. ఆవిడ కిటికీకి గోనెపట్టా కట్టి తడిపాం. వట్టివేళ్ల తడికలు కట్టిద్దామనుకున్నా కానీ ధర అడిగి వెనక్కొచ్చేశాను.

మే 1

పని ఆగింది. సగం మందికి పెళ్లిళ్లు.

మే 5

డాబాల రాత్రి రీడింగులు తగ్గాయి. మా ఇంట్లో రాత్రి పదింటికి 34.4. బయట రోజులు ఇంకా ముదిరినా ఇంట్లో రెండు డిగ్రీలకి దగ్గరగా తగ్గింది. అమ్మ అయితే రీడింగు అడగదు, "నిన్న రెండింటికి లేచి మొహం కడుక్కోలేదు" అంది, అది చాలు.

అందరం సంబరపడుతుంటే మామ్మ గుమ్మంలో కూచుని తాటాకు విసనకర్రతో విసురుకుంటోంది. అప్పుడు సిగ్గేసింది. మేం వరస ఎలా పెట్టుకున్నాం? చందా ముందు ఎవరిస్తే వాళ్లది ముందు. ముందిచ్చింది డాబా ఇళ్ల వాళ్లు, మగవాళ్లు పగలు పనికి పోతారు, పిల్లలు మేనమామ ఊళ్లకి వెళ్లారు, మధ్యాహ్నం ఆ ఇళ్లలో పెద్దగా ఎవరూ ఉండరు. రేకుల ఇళ్లలో పగలంతా ఉండేది ముసలివాళ్లు, బాలింతలు, ఇంట్లో కూచుని కుట్టుపని చేసేవాళ్లు. అంటే 42 డిగ్రీల వేడిలో నిజంగా మనుషులున్న ఇళ్లని ఆఖరున పెట్టాను. ఏ ఇంట్లో ఎవరు ఏ వేళకి ఉంటారో ఒక కాగితం మీద రాసుకుంటే మొదటి రోజే తెలిసేది. ఆఫీసులో ప్లాను గీసేటప్పుడు కూడా ఆ గడి ఎక్కడా ఉండదు, గది పేరు, కొలత, అంతే.

ఈ రోజు మామ్మ దగ్గరికి వెళ్లి "రేపు నీ రేకులకి వేసేస్తాం మామ్మా" అన్నాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నిన్ననే కర్తరి వచ్చిందే అమ్మాయ్, కర్తరిలో ఇంటి మీద చెయ్యి వేస్తారా ఎవరైనా?" నిజంగానే మే 4న చిన్న కర్తరి. కర్తరి వెళ్లేదాకా, అంటే ఈ నెలాఖరు దాకా ఆగాలట. వాదించి లాభం లేదని మా అమ్మని పంపాను. మా అమ్మ ఏం చెప్పిందంటే, కర్తరిలో తవ్వకూడదు, కట్టకూడదు, కొట్టకూడదు, సున్నం కొట్టడం అనేది మాటవరసకే కొట్టడం, అసలు అది పూయడం కదా పిన్నీ అని. ఆ లాజిక్కుకి మామ్మ పడిపోయింది. ఒక్క షరతు, మేకు మాత్రం దిగకూడదు.

మే 8

రేకుల మీద పని డాబా పని లాంటిది కాదు, ఎవరైనా చేయాలనుకుంటే ఇది జాగ్రత్తగా చదవండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఇనప బ్రష్షుతో గీకి శుభ్రం చేయాలని అనిపిస్తుంది, నాచు అంతలా పట్టి ఉంది, కానీ గీకితే లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే వదలదు. మేం పైపుతో తడిపి, తడి మీదే మెత్తటి గుడ్డతో తుడిచాం, ముక్కుకి మాస్కులు, ఆ గుడ్డలు మళ్లీ వాడకుండా కవర్లో కట్టేశాం. రెండోది, రేకు మీద కాలు పెట్టకూడదు. దూలం ఎక్కడుందో బోల్టుల వరస చూస్తే తెలుస్తుంది, ఆ వరస మీద అడ్డంగా చెక్క బల్లలు వేసి, బల్ల మీదే కూచుని వేయాలి. ఒక కుర్రాడు ఉత్సాహం ఆపుకోలేక బల్ల దిగాడు, పటేల్‌మని రేకు పగిలి మోకాలి దాకా లోపలికి దిగిపోయాడు. చిన్న దెబ్బతో పోయింది. కింద మామ్మ పచ్చడి జాడీ పక్కన అతని చెప్పు పడింది. కొత్త రేకు నా ఖాతాలో.

రెండు రోజుల్లో తొమ్మిది రేకుల ఇళ్లు.

మే 12

రాత్రి గాలివాన. మామిడికాయలు రాలే వాన. పొద్దున లేచేసరికి మెట్ల మీద పాలు పారినట్టు సున్నం నీళ్లు. డాబాలు నిలబడ్డాయి, మొన్న వేసిన రేకుల్లో నాలుగింటిది సగం కడుక్కుపోయింది, రెండో పూత ఆరకముందే తడిసినవి. చందా ఇచ్చినవాళ్లు ఏమంటారోనని టెన్షన్ పడుతూ కూచున్నా గానీ ఎవరూ ఏం అనలేదు, వాన పడిందన్న ఆనందంలో ఉన్నారు. మిగిలిన రెండు బస్తాలతో మళ్లీ వేయాలి, ఈసారి ఫెవికాల్ ఎక్కువ.

మే 15

మామ్మ ఇంట్లో మధ్యాహ్నం రెండింటికి 39.3. పక్క సందులో ఇంకా సున్నం వేయని రేకుల ఇంట్లో ఒక థర్మామీటరు పెట్టి చూస్తే 43.4. నాలుగు డిగ్రీలు. బానే ఉంది కదా అంటారు, కానీ 39 కూడా ఉండదగ్గ వేడి కాదు. నలభై దగ్గర పడ్డాక ఫ్యాను కూడా వేడి గాలినే మొహాన కొడుతుంది, ముసలి ఒంటికి అంత చెమటా పట్టదు. సున్నంతో పనైపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా మామ్మని, ఇంకో ముగ్గురు పెద్దవాళ్లని మా ఇంటికి దింపుతున్నాం, స్లాబు కింద ఆ వేళకి చల్లగా ఉంటుంది కదా. రాత్రి వాళ్ల రేకుల ఇల్లే నయం, మా వాళ్లే వాళ్ల అరుగు మీదకి పోతున్నారు. ఈ అదలాబదలీకి రూపాయి ఖర్చు లేదు, థర్మామీటర్లు లేకపోతే తట్టేదీ కాదు. మామ్మ మాత్రం తన థర్మామీటరుని గోడవైపు తిప్పి పెట్టింది, అంకె చూస్తే ఇంకా ఉక్క పోస్తోందట.

మే 19

మలుపు దగ్గర తాటాకు పందిరి లేచింది, కింద చలివేంద్రం కూడా. ఇసక మీద రెండు కుండలు, చుట్టూ తడిగుడ్డ, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో పల్చటి మజ్జిగలో ఉప్పు, కరివేపాకు. పందిరి గురించి పెద్దగా రాయడానికేం లేదు, ఎవరి గోడకి రాట కట్టాలనే దాని మీద రెండు రోజులు గొడవ పడ్డారు, చివరికి ఎవరి గోడకీ కట్టలేదు.

కానీ పందిరి కింద మధ్యాహ్నం కూచున్నాక ఒకటి కళ్లబడింది. మా వరసకి పంపు వదిలేది పన్నెండున్నరకి. పై అరవై మెట్ల వాళ్లకి ఇళ్లలోకి కుళాయిలు లేవు, మలుపు దగ్గర వీధి కుళాయే. ఈ రోజు లెక్కపెట్టాను, పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా 41 బిందెలు పైకెక్కాయి. ఆడవాళ్లే ఎక్కువ, ఇద్దరు పదేళ్ల పిల్లలు, చెప్పులు లేకుండా ఒకావిడ. రోజులో అన్నిటికంటే మండే గంటలో, కాలుతున్న రాతి మెట్ల మీద, 15 కిలోల బరువుతో. నేనేమో నెల రోజులుగా కప్పుల మీద డిగ్రీలు లెక్కపెడుతున్నాను! ఆ టైములో నేను రోజూ ఆఫీసు ఏసీలో ఉంటాను, అందుకే ఇన్నేళ్లూ నాకు కనపడలేదు.

మే 22

నీళ్ల ఆఫీసుకి అర్జీ పట్టుకెళ్లాను, 31 సంతకాలు. టైము పొద్దున్నే మార్చండి అని. ఫలానా టేబుల్ దగ్గరికి వెళ్లమన్నారు, ఆ టేబుల్ ఆయన షెడ్యూలు పైనుంచి వస్తుందన్నారు, పైనున్న ఆయన క్యాంపులో ఉన్నారు. అర్జీ మీద స్టాంపు వేయించుకుని వచ్చేశాను. వడగాల్పుల హెచ్చరిక ఏదైనా ఉంటేనే ప్రత్యేకంగా చూస్తామని ఒకాయన దయగా చెప్పాడు. ఆ లెక్క ఎలా ఉంటుందంటే, మైదాన ప్రాంతంలో కనీసం 40 ఉండి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుండాలి, లేదా నేరుగా 45 కొట్టాలి. మే నెలలో మామూలే నలభై దగ్గర ఉండే ఊళ్లో 42 అనేది వడగాల్పు కాదన్నమాట. బిందె మోసేవాళ్లకి ఎవరైనా చెప్పండి.

మే 25

రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయంటారు, మా మెట్ల అంచులైతే చెప్పులోంచి కూడా కాలుతున్నాయి.

ఈ రోజు సెలవు పెట్టి, పన్నెండింటికి వాల్వు తిప్పడానికి వచ్చే అన్న కోసం పందిరి కింద కాపు కాశాను. మజ్జిగ ఇచ్చి అడిగాను, మా వరసకి పన్నెండున్నరే ఎందుకు అని. ఆయన నవ్వాడు. పైనుంచి వచ్చిన షెడ్యూల్లో ఉన్నది పొద్దున ఆరు నుంచి ఒకటిన్నర దాకా అయిదు వరసలకి నీళ్లివ్వాలనే తప్ప, ఏది ముందో ఏది వెనకో లేదట. కింద రోడ్డు పక్క వీధులు దారిలో తగులుతాయి కాబట్టి ముందు అవి తిప్పుకుంటూ, ఆఖర్న కొండెక్కుతాడు. ఆయన కంటే ముందు చేసినాయనా అలాగే చేశాడు.

ఇక్కడే విషయం. కింది వీధుల్లో ప్రతి ఇంటికీ సంపు ఉంది, సంపులో బంతి వాల్వు ఉంది. నీళ్లు ఆరింటికొచ్చినా, పన్నెండున్నరకి ఇంట్లో ఎవరూ లేనప్పుడు వచ్చినా, వాటంతటవే నిండి ఆగిపోతాయి. నీళ్లు వచ్చే టైముకి మనిషి బిందెతో నిలబడాల్సింది కొండ మీద మాత్రమే. వరస తిప్పేస్తే కింద ఎవరికీ తేడా తెలియదు. "నాకైతే ఇంకా మంచిదేనమ్మా, ఎండెక్కకముందే కొండ ఎక్కి దిగిపోతా. ఎవరూ అడగలేదు" అన్నాడు. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

అయితే ఆయన ఒక్కడి మాట మీద నడిస్తే ఆయన బదిలీ అయిన రోజు మళ్లీ మొదటికొస్తుంది. అందుకని కింది వీధుల్లో తిరిగి, వరస మార్చడానికి మాకు అభ్యంతరం లేదని 19 ఇళ్ల సంతకాలు తీసుకున్నాను, పాత అర్జీ నంబరుకి జత చేసి ఇచ్చాను. దానికీ స్టాంపు పడింది.

మే 29

నిన్న పొద్దున ఆరూ ఇరవైకి వీధి కుళాయికి నీళ్లొచ్చాయి. ముందు రోజు సాయంత్రమే ఇంటింటికీ చెప్పాను, వాట్సాప్‌లో పెట్టాను, కానీ ఎవరూ నమ్మలేదు. మొదటి పది నిమిషాలు కుళాయి దగ్గర నేనూ, మా చినమావయ్యా, ఒక కుక్కా. నీళ్లు మెట్ల మీదుగా కిందకి పోతుంటే నేను పైకి కిందకి అరుస్తూ పరిగెత్తాను. ఈ రోజు మాత్రం ఆరుకే బిందెలు వరసలో ఉన్నాయి, వాటి మధ్య తన వంతుకి గుర్తుగా మామ్మ పెట్టిన ఇటుకరాయి.

మిగిలిన ఏడు కప్పులు ఈ ఆదివారం. అర్జీకి జవాబు రాలేదు.